నాలుగు వాద్యాల గోష్ఠి

పాశ్చాత్యులు చేంబర్ సంగీతమని పిలిచేదానికి తెలుగులో స్థిరమైన పేరు ఏర్పడలేదు. గృహసంగీతమనవచ్చు, గోష్ఠీసంగీతమనవచ్చు. ఒక గదిలో, కొద్దిమంది శ్రోతల నడుమ, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క వాద్యకారుడే ఉండి, ఎదుట నిలిచి చేతికర్ర ఊపే నాయకుడు లేకుండా సాగే సంగీతమది. అందులో ప్రధానమైన రూపం స్ట్రింగ్ క్వార్టెట్. రెండు వయొలిన్లు, వాటికంటె కొంచెం పెద్దదై మంద్రంగా పలికే వయోలా ఒకటి, మోకాళ్ల నడుమ నిలిపి వాయించే చెల్లో ఒకటి, ఈ నాలుగే దాని సర్వస్వం. నాలుగింటికీ నాలుగేసి తంత్రులు. అంతకుమించిన పరికరం లేదు, ఆర్భాటం లేదు.

ఫిడేలు దక్షిణదేశంలో రెండు వందల ఏండ్లుగా వాడుకలో ఉన్న వాద్యం. పెండ్లి కచేరి మొదలు హరికథ వరకు అది లేని తావు లేదు. కాని ఆ ఫిడేలు తన పుట్టింట ఏ రూపంలో పరమావధిని పొందినదో ఆ క్వార్టెట్టు మాత్రం దానివెంట రాలేదు. ఇట్టి సంగతి సాహిత్య చరిత్ర తెలిసినవారికి వింత కాదు. నవల పరదేశం నుంచి వచ్చి, 1880లో గ్రంథరూపం పొందిన కందుకూరి వీరేశలింగంగారి ‘రాజశేఖర చరిత్రము’తో వేళ్లూనినది. సానెట్టును కూడ కొందరు కవులు ఆదరంతో తెచ్చినారు. అది అంతగా నిలువలేదు. పనిముట్టు ఒక భాషనుండి మరొక భాషకు సులభంగా దాటుతుంది. రూపం దాటవలెనంటే దానిని పెంచిన ఇల్లు కూడ కొంత దాటిరావలె. క్వార్టెట్టు కథ ఆ ఇంటి కథయే.

ఆ రూపం పుట్టుక వెనుక పెద్ద సిద్ధాంతమేమీ లేదు. ఆస్ట్రియాలో వైన్‌జీర్ల్ అనేచోట ఫ్యూర్న్‌బెర్గ్ ప్రభువుకు ఒక పల్లెటూరి భవంతి ఉండేది. ఆయన అప్పుడప్పుడు సంగీతం వినవలెనని ముచ్చటపడి, చేరువలో దొరికిన నలుగురిని పిలిపించినాడు. ఒకరు ఆ ఊరి చర్చి పురోహితుడు. ఒకరు ప్రభువుగారి ఆస్తి వ్యవహారాలు చూచే ఉద్యోగి. ఒకరు అప్పటికి పేరు పడని యువకుడు జోసెఫ్ హైడన్. నాలుగవవాడు చెల్లో వాయించే ఆల్బ్రెక్ట్స్‌బెర్గర్. ఈ నలుగురూ కలిసి వాయించుటకు ఏదైనా వ్రాయుమని ప్రభువు కోరగా హైడన్ తన తొలి క్వార్టెట్లను వ్రాసినాడని ఆయన జీవితచరిత్ర రచించిన గ్రీసింగర్ చెప్పినాడు. ఇది 1750ల చివరిభాగంలో జరిగినదని పరిశోధకుల అభిప్రాయం. దొరికిన మనుష్యులకు తగినట్లు దొరికిన రూపమిది. ఆ నలుగురిలో ఇద్దరు సంగీతం వృత్తిగా లేనివారు. ఈ సంగతి మరచిపోరాదు.

మొదట మొదటి వయొలిన్ పాడుతూ ఉంటే తక్కినవి దానికి వంతపాడేవి. 1781లో హైడన్ రచించి మరుసటి ఏడు ప్రకటించిన ఆరు క్వార్టెట్లలో ఈ తారతమ్యం చాలవరకు సడలినది. ఒకరు ఎత్తుకొన్న మాటను మరొకరు అందుకొనడం, ఒకరి వాక్యాన్ని వేరొకరు ముగించడం, నిన్నటి వంతగాడు నేడు వక్త కావడం అందులో కనిపిస్తుంది. మొజార్ట్ తన ఆరు క్వార్టెట్లను 1785లో హైడన్‌కే అంకితమిచ్చినాడు. రాజులకు, ప్రభువులకు కృతులంకితమిచ్చే కాలంలో ఒక స్వరకర్త మరొక స్వరకర్తకు అంకితమిచ్చుట గమనింపదగినది. మహాకవి గ్యోతే 1829లో తన మిత్రుడు జెల్టర్‌కు లేఖ వ్రాస్తూ, క్వార్టెట్టు వినుట నలుగురు వివేకవంతులు సంభాషించుకొంటూ ఉండగా వినుట వంటిదని భావించినాడు. నాటినుండి ఆ పోలికను కాదన్నవారు అరుదు.

అయితే సంభాషణ గదిలోనే ఉండిపోతే అది ప్రభువుల వినోదంగానే మిగిలిపోయేది. దానిని ఊరిలోకి తెచ్చినవాడు ఇగ్నాత్స్ షుపాన్‌జిగ్ అనే వయొలిన్ విద్వాంసుడు. 1804-05 శీతకాలంలో ఆయన వియన్నాలో ముందుగా చందాలు వసూలు చేసి క్వార్టెట్టు కచేరీల వరుస నడిపినాడు. ఒక్క కచేరి కాదు, వరుస. ఆ పదంలోనే విశేషమున్నది. అదే నలుగురు, అదే గది, ముందుగా తెలిసిన దినం, ముందే సొమ్ము చెల్లించి కూర్చున్న శ్రోతలు. ఒకసారి అర్థం కానిదానిని మరల వినే అవకాశం అట్టి ఏర్పాటువలననే కలుగుతుంది. 1808 నుంచి కొన్నేండ్లపాటు రష్యా రాయబారి రజుమోవ్‌స్కీ కొలువులో ఆ బృందమే ఉన్నది. 1814 డిసెంబరు 31వ రాత్రి రజుమోవ్‌స్కీ భవనం కాలిపోయినది. షుపాన్‌జిగ్ 1816లో రష్యాకు వెళ్లి, 1823లో తిరిగివచ్చి తన వరుసను మరల ప్రారంభించినాడు.

ఆ వరుసలో జరిగిన ఒక వైఫల్యం చెప్పుకోదగినది. 1825 మార్చి 6వ తేదీన బేతోవెన్ రచించిన 127వ కృతిని ఆ బృందం మొదటిసారి వాయించినది. సాధన చాలలేదు, శ్రోతలకు ఏమీ బోధపడలేదు. బేతోవెన్ ఆ కృతిని యోసెఫ్ బోమ్ అనే మరొక విద్వాంసుని చేతికిచ్చి, తన ఎదుటనే సాధన చేయించినాడు. అప్పటికి ఆయనకు చెవులు వినబడవు. కమానులు కదిలే తీరును కండ్లతో వెంటాడుతూ, కాలంలోని చిన్న తొట్రుపాటును సైతం పట్టి సరిదిద్దినాడని బోమ్ స్వయంగా చెప్పుకొన్నాడు. ఆ తరువాత అదే కృతి అదే ఊరిలో పలుమార్లు వాయింపబడి మెప్పు పొందినది. మరుసటి సంవత్సరం 130వ కృతి మొదటి ప్రదర్శనలో నడిమి భాగాలు రెండింటిని శ్రోతలు మరల వాయించుమని కోరినారు గాని, చివరనున్న దీర్ఘమైన ఫ్యూగ్ వారికి కొరుకుడు పడలేదు. బేతోవెన్ దానికి బదులు వేరొక ముగింపు వ్రాసి ఇచ్చినాడు. ఆ ఫ్యూగ్ విడిగా అచ్చయినది. నేడు అదే ఆయన మహాకృతులలో ఒకటిగా పేరుపొందినది. గోష్ఠికి వచ్చే కొద్దిమంది శ్రోతలు తప్పుగా విననూవచ్చు. కాని వారు మరల వచ్చి కూర్చున్నందువలననే రచన నిలిచినది.

పందొమ్మిదవ శతాబ్ది ముగిసేలోగా ఈ గోష్ఠి శ్రామికుని వాకిట కూడ నిలిచినది. లండన్‌లో 1859లో మొదలైన సోమవారపు కచేరీలలో ఒక షిల్లింగుకే చోటు దొరికేది. 1887లో ఆ నగరంలోనే సౌత్ ప్లేస్ సంస్థవారు ఆదివారం సాయంకాలపు చేంబర్ కచేరీలు ఆరంభించినారు. వారమంతా పనిచేసినవాడు సెలవుదినాన వచ్చి హైడన్‌ను వినగలుగుటయే దాని ఆశయం. కాన్వే హాలులో ఆ సంప్రదాయం నేటికీ సాగుతున్నది.

ఇక దక్షిణదేశం వైపు చూస్తే కాలం వింతగా కలిసివస్తుంది. త్యాగరాజు 1767లోను, బేతోవెన్ 1770లోను, ముత్తుస్వామి దీక్షితులు 1775లోను జన్మించినారు. వియన్నాలో క్వార్టెట్టు పరిపూర్ణత పొందుతున్న దశాబ్దాలలోనే తంజావూరు సీమలో కృతి పరిపూర్ణత పొందినది. ఆ దినాలలోనే ఫిడేలు ఈ నేలకు వచ్చినది. దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు చెన్నపట్టణపు ఆంగ్లేయుల సంగీతం వలన దానిని అభ్యసించి కర్ణాటక సంగీతానికి మలిచినాడని సంప్రదాయం. దీక్షితులవారు ఆంగ్లేయుల బ్యాండు వరుసలకు సంస్కృత సాహిత్యం కూర్చి నోట్టుస్వరాలు రచించినారు. తంజావూరులో శరభోజి మహారాజు పాశ్చాత్య వాద్యాలను ఆదరించినాడు. ఆ ఆస్థానంతో సంబంధమున్న చిన్నయ్య, పొన్నయ్య, శివానందం, వడివేలు అనే నలుగురు సోదరులు నాట్యసంప్రదాయాన్ని తీర్చిదిద్దినవారు. వారి రచనలలో తెలుగుకు పెద్దపీట ఉన్నది. ఆంగ్లంలో వ్రాసేవారు నేడు ఆ సోదరులను ‘తంజావూరు క్వార్టెట్’ అని పేర్కొనుట పరిపాటి. పేరు మాత్రం ఆ విధంగా వచ్చి చేరినది. నలుగురిలో చిన్నవాడైన వడివేలు ఫిడేలులో ఘనుడు. 1834లో తిరువాన్కూరు ప్రభువు స్వాతి తిరునాళ్ ఆయనకు దంతపు ఫిడేలు బహూకరించినాడు.

బాలుస్వామి దీక్షితుల దౌహిత్రుడు, దత్తపుత్రుడు అయిన సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురంలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ ప్రకటించినారు. తమిళదేశంలో అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగు లిపిలో, తెలుగు భాషలో ఉన్నది. ఫిడేలును తొలినాళ్ల చేపట్టిన ఇంటినుండే సంగీతాన్ని కాగితంపై పెట్టే పూనిక కూడ వెలువడినదన్నమాట. రచన వ్రాతలో నిలిచినప్పుడే నలుగురు వేర్వేరు భాగాలు పట్టుకొని కూర్చునే వీలుంటుంది. ఆ వీలు ఏర్పడినప్పటికిని ఇక్కడ క్వార్టెట్టు పుట్టలేదు. ఇందుకు కారణాలు వెదుకవలసియున్నది.

మొదటి కారణం వాద్యాన్ని పట్టే తీరులోనే ఉన్నది. ఐరోపాలో వాద్యకారుడు ఫిడేలును భుజానికి, గడ్డానికి నడుమ బిగించి వాయిస్తాడు. ఇక్కడ నేలపై కూర్చుండి, దాని కొనను పాదం మీద ఆనించి, ఎడమచేతిని స్వేచ్ఛగా జార్చుటకు వీలు కల్పించుకొన్నారు. తంత్రుల శ్రుతి కూడ మారినది. షడ్జ పంచమాలు రెండు జంటలుగా నిలిచినవి. ఈ మార్పులన్నీ గమకం కోసం. స్వరం ఊగుతూ, జారుతూ, పక్క స్వరాన్ని తాకివచ్చే సంగీతంలో మరొక స్వరాన్ని దానిపై గోడవలె నిలబెట్టుట కష్టం. నాలుగు స్వరాలు ఒక్కసారి నిలిచి పొందికగా పలుకుటయే క్వార్టెట్టుకు పునాది. అక్కడ స్వరం ఇటుక. ఇక్కడ స్వరం తీగ. రెండవ కారణం వాద్యకారుని స్థానం. కచేరిలో ఫిడేలు గాయకునికి పక్కవాద్యం. ఆయన పాడినదానిని నీడవలె అనుసరించి, ఆయన విడిచిన చోట తన విద్య చూపి, మరల నీడ కావలె. దీనిలో సంభాషణ లేదనరాదు. ఉన్నది, కాని అది సమానుల సంభాషణ కాదు. మూడవ కారణం మనోధర్మం. రాగాలాపనను, కల్పనస్వరాన్ని అప్పటికప్పుడు పుట్టించే సంగీతంలో నలుగురు ఏకకాలంలో పుట్టించలేరు.

అయినను గది మాత్రం తెలుగునాట ఉండినది. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం సంస్థానాలలో సంగీతం చాలవరకు గోష్ఠియే. ఆనందగజపతి కొలువులో గురజాడ అప్పారావుగారు, ఆదిభట్ల నారాయణదాసుగారు ఒకే కప్పుక్రింద మెలగినారు. ఆ శ్రోతలు వాద్యకారుని వేళ్లను చూడగలిగినంత దగ్గరగా కూర్చున్నవారు. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల వెలసినప్పుడు దానికి నారాయణదాసుగారు అధ్యక్షులైనారు. ఇరువదియారేండ్ల వయస్సులోనే ద్వారం వెంకటస్వామినాయుడుగారు అక్కడ వయొలిన్ ఆచార్యులైనారు. 1936లో కళాశాలకు అధ్యక్షులైనారు. కంటిచూపు మందగించిన ఆయనకు శ్రవణమే ప్రధానేంద్రియం. కమాను నిండుగా, నిదానంగా లాగుట ద్వారా ఆయన తీసిన నాదానికి పాశ్చాత్య వాదనపద్ధతి పరిచయం కూడ తోడ్పడినదని ప్రసిద్ధి. పక్కవాద్యాన్ని ఆయన ఏకవాద్యంగా నిలబెట్టినారు. 1938లో వేలూరులో జరిగిన కచేరి అట్టివానిలో తొలిదని చెబుతారు. క్వార్టెట్టులో రెండవ వయొలిన్‌కు హైడన్ ఇచ్చిన గౌరవాన్ని, వేరొక మార్గంలో, ద్వారంవారు కచేరి ఫిడేలుకు సంపాదించినారనవచ్చు.

సరిగా ఆ సంవత్సరాలలోనే బొంబాయిలో అసలైన క్వార్టెట్టు గోష్ఠి మొదలైనది. నాజీల పీడనం ముంచుకొస్తున్న రోజులలో యూరపు విడిచి 1934లో బొంబాయి చేరిన వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు స్వరకర్త కొద్ది నెలలలోనే బొంబాయి చేంబర్ మ్యూజిక్ సొసైటీని స్థాపించినాడు. ప్రతి గురువారం విల్లింగ్డన్ జింఖానాలో కచేరి. కౌఫ్‌మన్ పియానో, ఎజిడియో వెర్గా చెల్లో, మెహ్లీ మెహతా వయొలిన్. వారు మూడేండ్లలోనే వందకు పైబడిన కచేరీలు చేసినారు. పార్సీ యువకుడైన మెహతా 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రాను, 1940లో బొంబాయి స్ట్రింగ్ క్వార్టెట్టును నెలకొల్పినాడు. కౌఫ్‌మన్ 1937 నుంచి 1946 వరకు ఆకాశవాణి బొంబాయి కేంద్రంలో పాశ్చాత్య సంగీత విభాగానికి అధిపతిగా ఉండి, హిందూస్థానీ సంగీతాన్ని శ్రద్ధగా అధ్యయనం చేసినాడు. శివరంజని ఛాయలో, తంబురా శ్రుతిపై వయొలిన్ పలికే ఆకాశవాణి ప్రారంభ సంగీతం ఆయన కూర్చినదని, ఆ వయొలిన్ మెహతాదని ప్రసిద్ధి. తెలుగుదేశంలో రేడియో పెట్టి ఉషస్సును ఎదుర్కొన్న ప్రతి ఇల్లూ ఆ గురువారపు గోష్ఠి శకలమొకటి తెలియకుండానే వింటూ వచ్చినదన్నమాట. కౌఫ్‌మన్ క్వార్టెట్లు చిరకాలం మరుగున పడి ఉండి, వానిలో రెండు 2020లో కెనడా వాద్యబృందమొకదాని ధ్వనిముద్రణలో వెలుగు చూచినవి.

1952లో యెహూదీ మెనూహిన్ భారతదేశానికి వచ్చినాడు. మద్రాసులో ప్రధాన న్యాయమూర్తి పి. వి. రాజమన్నారుగారి ఇంట ద్వారంవారి వాదనం విని ఆయన ఆశ్చర్యచకితుడైనాడు. వేలాది శ్రోతల సభలో కాదు. ఒక తెలుగు రసికుని ఇంట, కొద్దిమంది సమక్షంలో. ఒకే వాద్యం రెండు భిన్నమార్గాలలో నూరేండ్లకు పైగా నడిచి, మరల ఒక గదిలో ఎదురుపడినది. ఇద్దరూ కలిసి ఒక క్వార్టెట్టు వాయించలేరు. ఒకరిని ఒకరు వినగలరు. గోష్ఠికి అర్థం అదే.

ఆ ఎదురుపాటు తరువాత నాలుగు దశాబ్దాలకు రూపం కూడ కదిలినది. చెన్నై చలనచిత్ర సంగీతశాలలలో పేరొందిన వయొలిన్ విద్వాంసుడు వి. ఎస్. నరసింహన్ 1990లలో మద్రాస్ స్ట్రింగ్ క్వార్టెట్టును రూపొందించి, త్యాగరాజాది వాగ్గేయకారుల కృతులను రెండు వయొలిన్లకు, వయోలాకు, చెల్లోకు అనువదించినాడు. అనువాదమన్న మాట ఇక్కడ అలంకారం కాదు. గమకం తగలవలసిన చోట తగులుతూనే క్రింద మూడు స్వరాలు నిలిచి దానికి నేల ఏర్పరచవలె. ఏ స్వరాన్ని ఎక్కడ నిలిపితే రాగం చెడదో ప్రతి అడుగునా తేల్చుకోవలె. అనువాదకునికి ఎదురయ్యే చిక్కులన్నీ ఇందులో ఉన్నవి. పెద్ద నష్టం కూడ ఉన్నది. కృతిలోని తెలుగు మాట పూర్తిగా పోయినది. తెలుగు తెలిసిన శ్రోతకు ఆ మాట లోపల వినిపిస్తూ ఉంటుంది. తెలియనివానికి వరుస మాత్రమే దక్కుతుంది.

ఈ నష్టం తూకం తెలియవలెనంటే తెలుగుదేశపు పొలిమేర దాటి చూడవలె. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో సాక్చి వద్ద తొలి ఉక్కు దిమ్మ పోతపోసినది. 1919లో ఛెమ్స్‌ఫర్డ్ ప్రభువు సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టినాడు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయినది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం ప్రాంతాలవారు బెంగాల్ నాగపూర్ రైలుమార్గాన ఖరగ్‌పూర్ మీదుగా అక్కడికి చేరినారు. ఫిడేలుకు కళాశాల వెలసిన సీమయే కొలిమికి మనుష్యులను పంపినది. రెండూ ఒకే సంవత్సరంలో పేరు పొందినవి. టాటానగర్ స్టేషనుకు చేరువనున్న పర్సుడీహ్ వంటి పేటలు కంపెనీ వేసిన వీధుల క్రమానికి వెలుపల పెరిగినవి. 2000లో ఏర్పడిన ఝార్ఖండ్ రాష్ట్రంలో, హిందీ, బంగాళీ, ఒడియా, సంతాలీ మాటల నడుమ, తెలుగు ఇంటిభాషగా మిగులుతున్నది. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామమందిరం వంటి చోట్లు ఆ భాషకు గోష్ఠిస్థానాలు. లిపి నేర్వని తరం వచ్చినప్పుడు అట్టిచోట కూడ రామదాసు కీర్తన వరుసగా మిగిలి, మాట పలుచబడే ప్రమాదమున్నది. క్వార్టెట్టులో బుద్ధిపూర్వకంగా జరిగే త్యాగం ప్రవాసంలో ఎవరి ఎరుకలేకుండా జరిగిపోతుంది.

టాటాల పోషణ సంగీతానికి లేకపోలేదు. జె. ఆర్. డి. టాటా, జంషెడ్ భాభా కలిసి 1969లో బొంబాయిలో జాతీయ ప్రదర్శన కళల కేంద్రాన్ని స్థాపించినారు. 2006లో అక్కడ సింఫనీ ఆర్కెస్ట్రా ఏర్పడినది. చేంబర్ కచేరీలకు అక్కడ అనువైన మందిరాలున్నవి. ఉక్కు ఒక ఊరిలో కరిగినది. సంగీతశాల మరొక ఊరిలో లేచినది. ఇది నింద కాదు. మహానగరానికి కళాశాలలు చేరుట లోకసహజం. కాని క్వార్టెట్టు చరిత్ర చెప్పేది వేరు. దానికి మహామందిరం అక్కరలేదు. పురోహితుడు, ఉద్యోగి, ఇద్దరు యువకులు, ఒక గది ఉండగా అది పుట్టినది. ముందుగా చెల్లించిన చిన్న చందాతో, తప్పక వచ్చే దినంతో అది బ్రతికినది. షిల్లింగు చోటుతో శ్రామికుని చేరినది.

తెలుగు రచయితలకు ఈ చరిత్ర పరాయిది కాదు. తెలుగులో సాహిత్య పరిషత్తులు, పఠనమందిరాలు, పత్రికలు అన్నీ ఇట్టి గోష్ఠులుగానే ఆరంభమైనవి. రూపాలను తెచ్చుకొనుటలో తెలుగు ఎన్నడూ వెనుకబడలేదు. తెచ్చుకొన్న రూపానికి గది కట్టి, వరుసగా కలుసుకొని, ఒకసారి బోధపడనిదానిని రెండవసారి వినే ఓర్పును మాత్రం అప్పుడప్పుడు మరచినది. పర్సుడీహ్‌లోనో, ఖరగ్‌పూర్‌లోనో ఏదో ఒక ఇంటి ముందుగదిలో నెలకొకనాడు నలుగురు కూర్చుండి ఒక కృతిని దాని మాటతో సహా చదివి, అర్థం చెప్పుకొని, ఆ తరువాత పాడుకొన్ననాడు, వైన్‌జీర్ల్‌లో ఆరంభమైన పనియే అక్కడను సాగుతున్నట్లు. అందుకు నాలుగు వాద్యాలు లేకపోయినను నలుగురు మనుష్యులు కావలె. వారు మరుసటి నెల కూడ రావలె.